సాలెపురుగు కారు

ఫిబ్రవరి 3, సోమవారం

కారు దొరికింది. అంటే ప్రకటనలో దొరికింది. ఇంకా నాది కాలేదు. అయినా పొద్దుటి నుంచి తాళంచెవులు నా చేతిలోనే ఉన్నట్టు తిరుగుతున్నాను.

ఇటాలియన్ స్పైడర్. తొంభైల చివర్లో తయారైంది. రెండే సీట్లు. గుడ్డ టాపు, వెనక్కి మడిచేయొచ్చు. పైన ముదురాకుపచ్చ, లోపల తేనెరంగు లెదర్. మొదటి నుంచి ఒకే ఓనర్. ఫొటోలు ఎంత పెద్దవి చేసి చూసినా సీటు మీద ఒక్క చిరుగు కనిపించలేదు.

మొదటి ఉద్యోగంలో ఉండగా మా స్టూడియో బయట అచ్చం ఇలాంటిదే ఆగి ఉండేది. ఎవరిదో తెలియదు. లంచ్‌కి బయటికొచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ లోపలికి పోయేదాన్ని. అప్పుడు కొనే స్తోమత లేదు. ఇప్పుడు ఉంది. యాభై మూడేళ్ళూ ఉన్నాయి.

అమ్మకు చెప్పాను. స్పైడర్ అంటే ఏమిటే అంది. సాలెపురుగు అన్నాను. ఇంట్లో మూలమూలనా ఉన్నవి చాలక డబ్బిచ్చి మరీ తెచ్చుకోవాలా అంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఓనర్‌కి ఫోన్ చేశాను. రిటైరైన మెరైన్ ఇంజనీరు. కారు గురించి చెప్పిందానికంటే నా గురించి అడిగిందే ఎక్కువ. ఏం చేస్తుంటారమ్మా అన్నారు. సినిమాలకు, సీరియళ్ళకు సబ్‌టైటిల్స్ రాస్తానన్నాను. అయితే రోజంతా పరాయివాళ్ళ మాటలు వింటూ కూర్చుంటారన్నమాట అన్నారు.

అవును, అదే నా పని. చెవులకు హెడ్‌ఫోన్స్, ఎదురుగా స్క్రీన్. ఎవరో ఎవరినో ప్రేమిస్తారు, ఎవరో ఎవరినో చంపుతారు, నేను కామాలు పెడతాను.

శనివారం రమ్మన్నారు.

ఫిబ్రవరి 5, బుధవారం

తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మే ఊదేసి ఉంటుంది. ఈ వయసులో నీకిదేం సరదా అక్కా అన్నాడు. కొంటే గింటే అమ్మను ఎక్కించుకుని తిప్పడానికి పనికొచ్చే కారు కొనమన్నాడు.

ఆవిడ ఎక్కితే కదా! పోయిన వానల్లో మెట్ల మీద జారి తుంటి విరిగింది. అతుక్కుంది. ఫిజియోథెరపిస్ట్ ఇక నడవడమే మందు అని చెప్పి రావడం మానేసింది. ఇంట్లో చేతికర్ర పట్టుకుని చకచకా తిరుగుతుంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. బయట నాకేం పని, ఏం పారేసుకున్నానని వెతుక్కోవడానికి అంటుంది. బతిమాలాను. తిట్టాను. మాట్లాడటం మానేసి చూశాను. నా పప్పులేవీ ఉడకలేదు.

నిజం రాసుకోవాలంటే ఈ కారు ఆవిడ కోసం కాదు. నా కోసం. ఆవిడను ఒంటరిగా వదలలేక పనంతా ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు సరుకులు కూడా ఇంటికే వస్తున్నాయి. గుమ్మం దగ్గర ఆగిపోవడం నాకూ అలవాటైపోతోంది. అందుకే నాకు భయంగా ఉంది.

ఫిబ్రవరి 8, శనివారం

చూసొచ్చాను. చేతులు ఇంకా లెదర్ వాసన వేస్తున్నాయి. అన్నం తినేముందు కడుక్కోవాలనిపించలేదు.

గరాజ్‌లో కారు మీద తెల్లటి కాటన్ దుప్పటి. ఆయన దాన్ని లాగలేదు. ముందు నుంచి వెనక్కి మడత మీద మడత వేసుకుంటూ తీశారు. లాగితే దుమ్ము రాసుకుని పెయింట్ మీద గీతలు పడతాయట. చక్రాల కింద చెక్కపలకలు. టాపు తడిగా ఉండగా మడవకూడదు. ఇంజన్ వేడెక్కేదాకా తొందరపెట్టకూడదు. ఇన్నేళ్ళూ దాని మీద ఈగను కూడా వాలనిచ్చినట్టు లేదు.

ఆయనకు చూపు మధ్యలో పోయిందట. అంచుల్లోనే కనిపిస్తుందట. అందుకే మాట్లాడేటప్పుడు మన పక్కకు చూస్తారు. నా వెనక ఎవరో ఉన్నారనుకుని ఒకసారి తిరిగి చూశాను కూడా. డ్రైవింగ్ మానేసి ఏడాది దాటింది. అయినా వారం వారం స్టార్ట్ చేసి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుని వింటారు.

నన్ను స్టార్ట్ చేయమన్నారు. ఏం వినిపిస్తోందమ్మా అన్నారు. ఇంజన్ శుభ్రంగా ఉందండి, పక్క సీటు తలుపులో మాత్రం ఏదో టకటకమంటోంది అన్నాను. ఆయన ముఖం చేటంత అయింది. చూడటానికొచ్చిన వాళ్ళెవరికీ అది వినపడలేదట. అవి వాళ్ళావిడ చలవ కళ్ళద్దాలు. తలుపు జేబులో ఆవిడ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆవిడ లేరు. చివరి రోజుల్లో కూడా ఈ కారులోనే తిప్పానని చెప్పారు.

ధర దగ్గర పేచీ రాలేదు. అంతా అయిపోయిందనుకుని లేస్తుంటే అడిగారు, పక్క సీట్లో ఎవరు కూర్చుంటారమ్మా అని. ఏదైనా అల్లి చెప్పేంత వ్యవధి దొరకలేదు. ఉన్నది మా అమ్మ ఒక్కతే, ఆవిడ గడప దాటదు అన్నాను. ఆయన నా చెవి వైపు తిరిగారు. అది మరీ కిందికి ఉండే బండి అన్నారు. ఆలోచించుకుని మెసేజ్ పెడతానన్నారు. టైప్ చేయలేరు కాబట్టి ఫోన్‌కి నోటితో చెబితే అదే రాసి పంపుతుందట.

ఏముంది ఇందులో ఆలోచించడానికి?

ఫిబ్రవరి 10, సోమవారం

మెసేజ్ లేదు. ఫోన్ ఛార్జ్ అయిందో లేదో మాటిమాటికీ చూస్తున్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

వచ్చింది. మెసేజ్ మొత్తం ఇంతే:

బాగా ఆలోచించాను అమ్మను

క్షమించండి లేదు, ఏమనుకోకండి లేదు. అంత మర్యాదగా మాట్లాడిన మనిషి. కారు ఎవరికి ఇచ్చుకోవాలో ఆయనిష్టం, కాదనను. కానీ నా పక్క సీటు ఖాళీ అన్నందుకా?

జవాబివ్వలేదు. నాకూ ముక్కు మీదే ఉంటుంది కోపం.

ఫిబ్రవరి 16, ఆదివారం

బట్టలు ఉతికాను. కర్టెన్లు విప్పి అవీ ఉతికాను. బాల్కనీలో నించుంటే రోడ్డు మీద వెళ్ళే ప్రతి కారూ అనాకారిగా కనిపించింది.

అమ్మ కర్ర టకటకలాడించుకుంటూ నా వెనకే తిరిగింది. ఏమైందే అంది. ఏం లేదన్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసిన మనిషి. ఏం లేదు అనే మాటను జనం ఎన్ని రకాలుగా అంటారో ఆవిడకు తెలియంది కాదు. అప్పటికి ఊరుకుంది.

ఏడుపొచ్చింది. కారు కోసం ఏడవడానికి సిగ్గేసింది. సిగ్గేసినా ఏడ్చాను.

ఫిబ్రవరి 18, మంగళవారం, సాయంత్రం 6

ఇవాళ అమ్మ వదల్లేదు. నువ్వు ముఖం మాడ్చుకుని తిరుగుతుంటే నాకు ముద్ద దిగడం లేదు, చెప్పి చావు అంది. ఫోన్ తీసి చేతిలో పెట్టాను.

దూరంగా పట్టుకుని పైకి చదివింది. బాగా ఆలోచించాను, అమ్మను... అని ఆగింది. ఇంకా ఏమైనా ఉందేమోనని వేలితో కిందికి జరిపింది. తర్వాత నా వైపు చూసి, నన్నా, నన్నేం చేయమన్నాడు అంది.

నాకు ఎక్కలేదు. అమ్మను కాదమ్మా, అమ్మను అన్నాను.

ఏమిటే తేడా అంది.

నేను ఆరు రోజులుగా అమ్మకం దగ్గరే ఆగిపోయాను. ఆవిడ మొదటి చూపులోనే తనను చూసుకుంది. ఇది లైను మధ్యలో కట్టయింది అంది. అవతలివాళ్ళు ముగించి ఆగడం వేరు, తెగి ఆగడం వేరట. మెసేజ్‌కి కూడానా అన్నాను. ఆలోచించానని మొదలుపెట్టినవాడు ఏం ఆలోచించాడో చెప్పకుండా ఊరుకుంటాడా అంది. పొద్దస్తమానం పరాయివాళ్ళ మాటలకు కామాలు పెట్టే నాకు ఇది తట్టలేదు.

ఇప్పుడు నా ఫోన్ ఆవిడ దగ్గరుంది. డయల్ చేసేసింది. నేను వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

అదే రోజు, 7

అమ్మ గెలిచింది. ఆయన ఫోన్‌కి చెప్పింది ఇదట: బాగా ఆలోచించాను, అమ్మను తీసుకుని ఆదివారం రండి, ఎక్కగలరో లేదో చూద్దాం. ఫోన్ మొదటి ముక్క పంపి మిగతాది మింగేసింది. ఆయనకు తెరమీది అక్షరాలు కనిపించవు కాబట్టి మొత్తం వెళ్ళిందనుకున్నారు. పోయిన ఆదివారం టాపు మడిచి, గరాజ్ తలుపు తీసి, స్టూలు వేసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నారట. నేను ఇక్కడ కర్టెన్లు ఉతుకుతున్నాను!

మాకు ఇష్టం లేదనుకుని ఎవరో పళ్ళ డాక్టర్‌ని గురువారం రమ్మన్నారట. ఇచ్చిన మాట ఎలా వెనక్కి తీసుకుంటానండీ అన్నారట. మా అమ్మ ఊరుకుంటుందా? ముందు బుక్ చేసిన కాల్ ముందు కలపాలి, లైను దోషానికి కస్టమర్ ఏం చేస్తాడు అందట. దాంతో ఆయన పకపకా నవ్వారట. ఓడ ఏ రేవులో ఆగినా ఇంటికి ట్రంక్ కాల్ బుక్ చేసేవారట. ఎక్స్ఛేంజ్ వాళ్ళతో వాదించి గెలిచింది ఎప్పుడూ లేదన్నారట. డాక్టర్‌ని సోమవారానికి జరుపుతారు. మేము ఆదివారం వెళ్ళాలి. ఇద్దరం.

వస్తామండీ అని అమ్మ దర్జాగా ఫోన్ పెట్టేసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. నేనిప్పుడు ఏమన్నానే అంది.

ఫిబ్రవరి 22, శనివారం

మధ్యాహ్నం అమ్మ చెప్పులు వేసుకుని హాల్లో నడిచింది. చెప్పులు వదులయ్యాయంది. పట్టీ బిగించాను. కాసేపటికి బిగుతైందంది. వదులు చేశాను. ఇంకేం అనలేక విప్పేసింది.

నాకు కారు కావాలి. ఎంత కావాలో అంత కావాలి. కానీ ఆవిడ లిఫ్ట్ దాకా వచ్చి వెనక్కి తిరిగితే నేను ఏమీ అనకూడదు. అనకుండా ఉండగలనో లేదో తెలియదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

రాస్తుంటే వేళ్ళు పట్టేస్తున్నాయి. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నందువల్ల అనుకుంటా.

గుమ్మం దగ్గర ఆగింది. నేను లిఫ్ట్ తలుపు పట్టుకుని నేలకేసి చూస్తూ నించున్నాను. ఒక్క మాట అనలేదు. లోపలి నుంచి గడియారం టిక్కుటిక్కు వినిపించింది. కర్ర ముందు బయటికొచ్చింది. తర్వాత ఆవిడ. అలా నేలచూపులు చూస్తావేమే, నేనేమైనా పెళ్ళికూతుర్నా అంది. లిఫ్ట్ కిందికొచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయాను.

టాక్సీలో వెళ్ళాం. ఇంజనీరు గారు గేటు దగ్గరే ఉన్నారు. గొంతు పట్టి అమ్మను గుర్తుపట్టారు. టాపు మడిచి ఉంది. అమ్మ కారును చూసి, ఇది ఎక్కేదా, దిగేదా అంది. దాని సీటు మన పీట కంటే కాస్త ఎత్తు, అంతే.

ఆయన కిటుకు చెప్పారు. వీపు కారు వైపు పెట్టి ముందు కూర్చోవాలి. తర్వాత రెండు కాళ్ళూ కలిపి ఒక్కసారి లోపలికి తిప్పుకోవాలి. వాళ్ళావిడ మోకాళ్ళు మొరాయించాక ఇద్దరూ కలిసి కనిపెట్టిన పద్ధతట. అమ్మ మొదటిసారి కూర్చోబోయి లేచిపోయింది. చేతికర్ర నాకిచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. కూర్చుంది. కాళ్ళు తిప్పుకుంది. బాగానే ఉంది, మరి లేవడమో అంది. లేవాలనిపిస్తే అప్పుడు చూద్దాం అన్నారాయన.

సీట్లు రెండే. ఆయన గేటు దగ్గర ఉండిపోయారు. మేమిద్దరమే వెళ్ళాం. ఇంజన్ వేడెక్కేదాకా నెమ్మదిగా, తర్వాత కాస్త తొందరగా. క్లచ్ మెత్తగా, గేరు చేతికి అతుక్కున్నట్టు. ఇన్నేళ్ళు చుట్టూ తిరిగిన కారు లోపల కూర్చున్నాను. ఒళ్ళంతా సంతోషం. చెప్పడానికి ఇంకో మాట లేదు.

అమ్మ తలుపు అంచు గట్టిగా పట్టుకుంది. జుట్టంతా రేగిపోయింది. భయపడుతోందేమోనని వెనక్కి తిప్పబోయాను. అప్పుడే ఎందుకు, అక్కడ ఏముందో చూద్దాం అని చేత్తో ఎదురుగా చూపించింది. అక్కడ ఏమీ లేదు, రోడ్డు ఉంది. అక్కడికే వెళ్ళాం. ఎండ కళ్ళలో పడుతోందని తలుపు జేబులో తడిమి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. అవి ఎవరివో చెబుదామనుకుని చెప్పలేకపోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన గేటు పట్టుకుని వింటున్నారు. ఇంజన్ ఆపకముందే, ఆ టకటక ఏమైందమ్మా అన్నారు. ఆ కళ్ళద్దాలు ఎవరివో అప్పుడు అమ్మకు చెప్పాను. అయ్యో, తెలియలేదండీ అని తీయబోయింది. ఉంచండి అన్నారాయన. పక్కకు తిరిగి, అమ్మ సరిగ్గా కనిపించేలా చూసుకుని, బాగున్నాయి, ఉంచండి అని మళ్ళీ అన్నారు.

డాక్టర్‌కి సోమవారం రావద్దని చెప్పేస్తారు. ఆ మెసేజ్ పంపేముందు ఒకసారి ఎవరితోనైనా చదివించండి అని అమ్మ సలహా ఇచ్చింది.

మార్చి 1, శనివారం

ఇంటికొచ్చింది. తెల్ల దుప్పటి, చెక్కపలకలు కూడా ఇచ్చారు. నెలకోసారి తీసుకొచ్చి వినిపించమన్నారు.

తమ్ముడు ఫోన్ చేస్తే అమ్మ తీయలేదు. కింద కారులో కూర్చుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

సిగ్నల్ దగ్గర పక్క కారాయన అద్దం దించి, ఇలాంటిది దొరకదండీ, అమ్ముతారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అమ్మను అంది.

అది చూస్తేనే తెలుస్తోందండీ, నేను కారు గురించి అడుగుతున్నాను అన్నాడాయన.

గ్రీన్ పడింది.