లేత పసుపు దారం

ప్రొద్దుటూరు

వనజ వదినకు,

"దారమంతా యాడికి పోతాంది?" అని ఫోన్లో అడిగినావు. చెప్పడానికి సిగ్గేసి రాస్తున్నాను.

రక్తకణాలు ఒంట్లోనే చిట్లిపోయే నా జబ్బు నీకు తెలిసిందే. ఉదయం మూత్రం ఏ రంగులో ఉందో రోజూ రాసుకోమని ఆస్పత్రిలో చెప్పారు. రంగుకు మాటలు చాలలేదు. నీ అంగడి దారాల్లో సరిపోయేది చూసి, తేదీ పక్కన చిన్న కుచ్చు కట్టి అంటించాను, జ్వరమొస్తే అదీ రాశాను.

డాక్టరమ్మ ఆరు నెలల పుస్తకం తిరగేసింది. "జ్వరమొచ్చిన ప్రతిసారీ ముదురుతాంది. రిపోర్టుల్లో ఇది దొరకలేదు. ఎవరు నేర్పినారు?" అని అడిగింది.

"ఇరవై ఏండ్లుగా చీరల మీద మగ్గం పని చేస్తాండా. రంగు నాకొకరు నేర్పాల్నా మేడం?" అన్నాను.

మందు మార్చి రెండు నెలలైంది. ముదురు కాఫీరంగు రీలు పెట్టెలోనే ఉంది, ఇంక పంపొద్దు. లేత పసుపు అయిపోయింది. రెండు రీళ్లు పంపు.

నీ ఆడబిడ్డ