దండ వేసిన ఫోటో

నారాయణఖేడ్,
నవంబర్ 2004.

బస్వరాజ్ అన్నకు,

నీ చెల్లెలు నర్మద నమస్కారాలు. ఇక్కడ అమ్మా, నేనూ, పిల్లలూ బాగానే ఉన్నాం. షోలాపూర్‌లో నువ్వూ, వదినా, పసివాడూ చల్లగా ఉన్నారని తలుస్తాను. బాగానే ఉన్నామని రాశాను గానీ, నిన్న జరిగింది చెబితే నువ్వు నమ్మవు.

ముందు నువ్వు అడిగినవి. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, దవాఖానకు పోదామంటే మాత్రం నన్నే తిడుతోంది. కంది పూత మీద ఉంది, మంచు పడకపోతే చాలు. వదినకు నెయ్యి, జొన్నపిండి బస్సులో పంపిస్తాను. పిల్లవాడికి నాన్న పేరు దేవప్ప అని పెడుతున్నందుకు అమ్మ మురిసిపోయింది. "వీడి ముక్కు అచ్చం నాన్న ముక్కే" అని రాశావే, అది చదివి వినిపిస్తే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

పేరు పెట్టి ఉయ్యాలలో వేసే తొట్టెలకు నాన్న ఫోటో పంపమన్నావు. పంపలేను అన్నా. ఎందుకో చెబుతాను, ముందు కూర్చో.

నాన్న మేస్త్రీ పనికి పోయిన పెద్ద అక్విడక్టు ఉంది కదా, వాగు మీద వంతెనలా కట్టి దాని మీదుగా కాలువ పారించారే, అది కడుతున్నప్పటి పాత ఫోటోలు మన కాలేజీలో ప్రదర్శనకు పెట్టారు. అక్కడ పనిచేసిన వాళ్లలో మన వైపు వాళ్లే ఎక్కువట. నిన్న వెళ్లాను. ఒక్కో ఫోటో తలుపంత ఉంది. ఎత్తైన స్తంభాలు, చుట్టూ కట్టెల పరంజా, దాని మీద తట్టలు మోస్తున్న ఆడవాళ్లు. అక్కడే తట్టలు మోసిన మన అమ్మ అంత పైకి ఎక్కిందా అని నాకు కళ్లు తిరిగాయి.

ఒక ఫోటోలో అయిదుగురు మేస్త్రీలు వరుసగా నిలబడ్డారు. నడుమ మన గోడ మీది నాన్న! అదే రుమాలు, ఎడమ కనుబొమ్మ మీద అదే గాటు. చిన్నప్పుడు నాన్నలా ఉండాలని బ్లేడుతో గీసుకుని అమ్మ చేత తన్నులు తిన్నావే, ఆ గాటే. నాన్న పోయేనాటికి నువ్వు పాకుతున్నావు, నేను అమ్మ కడుపులో ఉన్నాను. మనకు ఆ పటమే కదా నాన్న. ఆగలేక "గీయన మా నాయిన!" అని అందరికీ వినబడేలా అరిచాను.

పక్కన గోరింటాకు గడ్డంతో ఒక ముసలాయన ఉన్నాడు. "గది నేను బిడ్డా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏం మాట్లాడుతున్నవ్ తాతా? మా నాయిన సచ్చిపోయి ముప్పై ఏండ్లు దాటింది."

"నేనైతే ఇంకా సావలేదు" అని టోపీ పైకి జరిపాడు. కనుబొమ్మ మీద ఆ గాటు! ఆయన మనూర్ ఊరి బషీర్ అట. నాన్న పేరు చెప్పగానే బెంచీ మీద కూలబడ్డాడు. "నాగల్‌గిద్ద దేవప్ప బిడ్డవా? ఒక్క పరంజా మీద పనిజేసినం మేమిద్దరం."

ఈ చిక్కు అమ్మే విప్పాలని ఆయన్ను ఆటోలో ఇంటికి తెచ్చాను. గుమ్మం దాటగానే ఎదురుగా తన పటం, నుదుట కుంకుమ, బంతిపూల దండ. పాపం, గుడ్లప్పగించి చూశాడు. "యా అల్లా, నన్నెప్పుడు సంపిన్రు?" అన్నాడు. ప్రతి పెత్తరమాసకూ పెద్దలకు పెట్టే విస్తరి ఆయన పటం ముందే పెట్టామని ఎలా చెప్పను?

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. కేకలేస్తుందనుకున్నాను. కొంగు తల మీదికి లాక్కుని, "బషీరన్నా, వచ్చినవా" అంది. అమ్మకు తెలుసు అన్నా! మొదటి నుంచీ తెలుసు!

"ఇన్నేండ్లు ఎవలికో మొక్కిచ్చినవా?" అని అరిచాను.

"నా దగ్గర గా ఒక్క ఫోటోనే ఉండె" అంది అమ్మ, నా వైపు చూడకుండా. "మీ నాయిన మొఖం ఒక్కటే పెద్దగ జెయ్యమని ఫోటో దుకాణంల ఇచ్చిన. గా మొఖం కదిలింది, గుర్తువడ్తలేదని వాడు నడుమ సక్కగున్నోన్ని పటం గట్టిండు. అసలు ఫోటో యాడనో పారేసిండు. ఏడ్సుకుంట ఇంటికొచ్చిన. పటం సూడంగనే మీ అన్న నాయినా నాయినా అని ముద్దులు వెట్టిండు. నాలుగేండ్ల పోరడు. కాదని ఎట్ల జెప్పాలె?"

రుక్కమ్మ పెద్దమ్మకూ తెలుసట. ఇద్దరూ మన దగ్గర దాచారు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బషీర్ అమ్మనూ నన్నూ మళ్లీ కాలేజీకి తీసుకెళ్లాడు. ఆ ఫోటోలో కుడి చివరి మనిషిని చూపించాడు. కాళ్లూ, ఛాతీ, చేతిలో తాపీ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముఖం మాత్రం అలికినట్టు ఉంది.

"కదలొద్దన్నడు ఫోటో తీసేటోడు. మేం ఊపిరి బిగవట్టినం. గప్పుడే గీడు ఏడ్సిండు" అని ఆయన వేలు ఫోటో అంచుకు జరిపాడు. పరంజా కట్టెకు ఒక చీర ఉయ్యాల వేలాడుతోంది. "మీ అన్న. దేవప్ప గిర్రున అటు తిరిగిండు."

"గా చీర నాదే" అంది అమ్మ.

ఇంటికి రాగానే బతికున్న మనిషికి దండ ఏమిటని అమ్మే దాన్ని తీసేసింది. బషీర్‌కు జొన్నరొట్టె పెట్టింది. తొట్టెలకు ఆయన్నూ తీసుకొస్తున్నాం. ఇన్నేళ్లు మొక్కావు, ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెట్టు.

కాలేజీలో అడిగితే ఆ అయిదుగురి ఫోటోకు కాపీ ఇచ్చారు. దీంతో పంపుతున్నాను, నాన్న అని అదే పెట్టు. అందులో ముక్కు కనబడదు అన్నా. నీ కొడుకు ముక్కు ఎవరిదో మనకు ఇక తెలియదు. నాన్న ఎటు తిరిగాడో మాత్రం కనబడుతుంది. నువ్వు ఏడిస్తే నీ వైపు తిరిగాడు.

ఇట్లు,
నీ చెల్లెలు
నర్మద