మంచు ఊరిలో నా ముసలిది

డిసెంబరు 2012, రాత్రి, పాల్మాకుల

నేను చెబుతుంటే మనవరాలు శ్రావణి రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

పాచికలేసి కథ నడిపే ఆట పుస్తకం కొని, అందులోని ఎడారిని మంచు దేశంగా మార్చింది ఇదే. ఆ ఆటలో నేను ఆడే పాత్ర ఒక ముసలిది. ఇవాళ మాతో ఆడే తన స్నేహితుల ముందు ఏమన్నదంటే:

"నానమ్మా, గింజలు తక్కువైతే ముసలోళ్లు మంచులకు నడిచిపోవాలె. రేపు నీ ముసలిది పోతది."

"పుస్తకంల గట్లనే ఉన్నదా?"

"ఆడ నీళ్లు తక్కువైతే ఇసుకలకు పోతరు."

"నీళ్లు మార్చినవ్, ఇసుక మార్చినవ్. ముసలోళ్ల కాడికొచ్చేసరికి చెయ్యి రాలేదా?"

"ఆటనే గద నానమ్మా."

ఆటే. అయినా ఆటలోనైనా నన్ను ఇంత తేలిగ్గా గడప దాటిస్తుందా అని నాకు నిద్ర పట్టడం లేదు.

ఆటలో కోతలప్పుడు ఊరి గింజలన్నీ గుంట తవ్వి పాతర వేసింది నా ముసలిదే. పైన మంచు కప్పేసింది. పాతర ఎక్కడుందో వీళ్లెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. పంపిస్తే పోతాను. తర్వాత ఏం తింటారో చూస్తాను.

శ్రావణి కలం ఆపింది.

"జర చెప్పు నానమ్మా, పాతర యాడున్నది?"

"ముందు ఆ రూలు కొట్టెయ్యి."

ఇంకా కొట్టెయ్యలేదు. నేనూ చెప్పలేదు.