పిలవని ఆదివారాలు

శంషాబాద్

రుక్మిణమ్మగారికి నమస్కారాలు.

అమ్మా, నేను హాస్టల్‌లో మీ అఖిల పక్క గదిలో ఉండేదాన్ని. ఆమె సామాను తీసుకెళ్లడానికి వచ్చిన రోజు మీరు నన్ను, "నా బిడ్డకు ఈడ దోస్తులెవరన్న ఉండిరా?" అని అడిగారు. "చాలామంది ఉన్నారమ్మా" అన్నాను. అది అబద్ధం.

ఇద్దరం ఎయిర్‌పోర్టులోనే పనిచేసేవాళ్లం. ఏడు నెలల్లో నేను ఆమెను మా గదికి పిలిచింది ఒక్కసారే. ఆ ఆదివారం సాయంత్రం నా రూమ్మేట్ కుబ్రా ల్యాప్‌టాప్‌లో చెక్ దేశపు కామెడీ సినిమా పెట్టింది. పెద్ద నగరంలో కొంతమంది కుర్రవాళ్లు, అమ్మాయిలు తోడు కోసం వెతుక్కునే కథ. ఒకతను పూలు పట్టుకుని పొరపాటున వేరేవాళ్ల తలుపు కొడితే అఖిల కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. వెళ్తూ వెళ్తూ, "మళ్ల పెడితే నన్ను గూడ పిలువు అక్కా" అంది.

తర్వాత మూడు ఆదివారాలు సినిమాలు చూశాం. పిలవలేదు. ఆమె మీద కోపమేమీ లేదమ్మా, గుర్తు రాలేదు, అంతే. మూడో ఆదివారం ఆమె జ్వరంతో ఒక్కతే పడుకుని ఉంది. మా నవ్వులు గోడ అవతలికి వినిపించే ఉంటాయి. మర్నాడు వార్డెన్ తలుపు తీయించి దవాఖానకు తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది.

షాద్‌నగర్ వచ్చి మీ ఎదురుగా చెప్పే ధైర్యం చాలక రాస్తున్నాను. కింద నా నంబరు ఉంది. తిట్టడానికైనా సరే, రమ్మంటే వస్తాను. ఇంట్లో ఆమెను ఏమని పిలిచేవారో, ఏ కూర ఇష్టంగా తినేదో నాకు తెలియదు. మీరు చెబితే కూర్చుని వింటాను.