రెండు డ్రమ్ముల మధ్య తొంభై సెకన్లు

నవంబర్ 3, సోమవారం

అయిన పనులు: వాకిలి, రెండు బకెట్ల బట్టలు, జొన్నరొట్టెలు ఎనిమిది, చిక్కుడుకాయ కూర, బియ్యానికి ఎండ. మిగిలినది: ఫ్యాన్ రెక్కలు.

కొత్త పని ఒకటి మీద పడింది. పంచాయతీ సెక్రటరీ తిరుపతి వచ్చాడు. చెరువులో రిసార్ట్ బోట్లు గంటకు ఎనిమిది కిలోమీటర్లు దాటకూడదని పోయిన ఏడు పెట్టిన రూల్‌ను ఇప్పుడు రివ్యూ చేస్తారట. ఇరవైకి పెంచమని రిసార్ట్ వాళ్లు, వద్దని చేపలు పట్టేవాళ్లు. మధ్యలో నమ్మదగ్గ లెక్క ఒకటి కావాలట. మహిళా సంఘం పుస్తకాలు పన్నెండేళ్లు రాశాను. మా డాబా నుంచి చెరువంతా కనిపిస్తుంది. అందుకని నేను.

నీళ్లలో రెండు నీలం డ్రమ్ములు కట్టారు. మధ్య దూరం రెండు వందల మీటర్లు. ఎనిమిది కిలోమీటర్ల స్పీడ్‌తో వెళ్తే తొంభై సెకన్లు పడుతుంది. అంతకన్నా తక్కువ పడితే తప్పు, ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అయితే పర్వాలేదట. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది.

ఒక బోటు మా ఆయనే నడుపుతాడని గుర్తు చేశాను. కృపాకర్ అన్న ఇరవై ఏడేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి ఒక్క యాక్సిడెంట్ చేయలేదు, ఆయనతో ఏం ఫికర్ అన్నాడు తిరుపతి.

ఫికర్ అంతా చేపలు పట్టే అంతమ్మతోనే. తెల్లవారుజామున థర్మకోల్ తెప్ప మీద కూర్చుని వల తీస్తుంటే బోట్ల అలలు తనను ఎత్తి పడేస్తున్నాయని ఆమె ఫిర్యాదు. అంతమ్మ సంగతి నాకు తెలియనిదా. అరకిలో చేపను ముప్పావు అంటుంది.

నవంబర్ 4, మంగళవారం

ఉదయం 6.30. ముందు మా ఆయన బోటు, వెనుక బాలమల్లు బోటు. 91. 93.

మొదటి డ్రమ్ము దగ్గరికి రాగానే ఆయన డాబా వైపు చూశాడు. చెయ్యి పక్కకు చాపి రెండుసార్లు ఊపాడు. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. బస్సు మా ఇంటి ముందు నుంచే పోయిన రోజుల్లో కూడా ఎప్పుడూ ఊపలేదు. నేను కూడా ఊపాను, చేతిలో తడి టవల్ ఉన్న సంగతి మరిచిపోయి.

ఇంటికి వచ్చాక ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నవంబర్ 7, శుక్రవారం

91, 90. సాయంత్రం 92, 89. రెండు పూటలా చెయ్యి ఊపాడు.

నవంబర్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి రిసార్ట్ మేనేజర్ జితేందర్ పంపిన ప్లమ్ కేక్ గుమ్మం దగ్గర ఉంది. క్రిస్మస్‌కు ఇంకా నెలన్నర ఉంది. ఇప్పుడు కేక్ ఎందుకు? తిప్పి పంపాను. అప్పటికే మా ఆయన ఒక ముక్క తిన్నాడు. ఒక ముక్క తక్కువ అని చీటీ రాసి పెట్టాను.

నవంబర్ 11, మంగళవారం

ఎనిమిది రోజుల లెక్కలు వరుసగా చదివాను. అన్నీ 89కీ 93కీ మధ్యే. మా గోడ గడియారం కూడా ఇంత నికరంగా నడవదు. డ్రమ్ములు జరిపారేమోనని అంతమ్మ మరిది ఎల్లేశ్‌తో తాడు వేయించి కొలిపించాను. రెండు వందల రెండు మీటర్లు. డ్రమ్ముల్లో మోసం లేదు. మరి ఎక్కడుంది?

నవంబర్ 12, బుధవారం

తీర్మానానికి ముందు సగం లెక్క వినడానికి పంచాయతీ ఆఫీసులో మీటింగ్. లెక్క చదివాను. ఇంత బుద్ధిగా నడిపేవాళ్లకు ఇరవై ఇస్తే నష్టమేమిటని జితేందర్ అడిగాడు. అంతమ్మ లేచి, అంకెలన్నీ అబద్ధమంది.

నా అంకెలను అబద్ధమంటే ఊరుకోలేకపోయాను. అబద్ధం ఆడేది నువ్వే అన్నాను. నలుగురూ నవ్వారు. పొద్దున్నే కల్లు తాగితే చెరువు ఊగుతుందని వెనుక నుంచి ఎవరో అన్నారు.

అంతమ్మ నా వైపే చూస్తూ చెప్పింది. "అక్కా, మీ డాబా మీదికెల్లి సూస్తే చెరువు అద్దం లెక్కనే ఉంటది. నా తెప్ప మీద కూసొని సూడు, తెలుస్తది."

స్పీడ్ ఇరవై ఖాయమేనని బయట అనుకుంటున్నారు. ఇరవయ్యో తేదీన తీర్మానం.

నవంబర్ 14, శుక్రవారం

పొద్దున గ్యాస్ అయిపోయింది. సిలిండర్ మార్పించే హడావిడిలో డాబా ఎక్కలేదు. లెక్కలో ఈ పూట ఖాళీ.

ఏడింటికి కట్ట మీద కేకలు వినిపించాయి. తెప్ప తిరగబడి అంతమ్మ నీళ్లలో పడిందట. ఆమెకు ఈత వచ్చు, కానీ వల కాళ్లకు చుట్టుకుంది. ఎల్లేశ్ జుట్టు పట్టి లాగాడట. చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయారు.

సరిగ్గా నేను డాబా ఎక్కని పూటే ఎందుకు పడింది? చూసే కన్ను లేని రోజు చూసుకుని పడిందా?

ఆయన అన్నం ముట్టలేదు. తల నొప్పి అన్నాడు.

నవంబర్ 15, శనివారం

దెబ్బ నిజమో కాదో చూడాలని చేవెళ్ల బయలుదేరాను. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు, పరామర్శకు కాదు. చూడడానికే.

బస్సులో డ్రైవర్ వెనుక సీటు దొరికింది. మొయినాబాద్ దాటాక ఎదురుగా ఇంకో బస్సు వచ్చింది. దాని డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి పక్కకు చాపి, అరచెయ్యి కిందకు తిప్పి, రెండుసార్లు అదిమినట్టు ఊపాడు. మా డ్రైవర్ వెంటనే స్పీడ్ తగ్గించాడు. కండక్టర్ ఉమారాణి టికెట్లు కొడుతున్న చోటు వదిలేసి వెనక్కి ఉరికి, ఉచిత ప్రయాణపు జీరో టికెట్ తీసుకోని ఆడవాళ్లందరి ఆధార్ కార్డులు అడగడం మొదలుపెట్టింది.

ఎదురు బస్సాయన మీకు దండం పెట్టాడా అని అడిగాను. ఆమె నవ్వింది. "గది దండం గాదక్కా. ముంగట చెకింగోళ్లు ఉన్నరని. డిపోల చేరిన్నాడే నేర్సుకుంటరు డ్రైవర్లు."

రెండు కిలోమీటర్లు పోగానే స్క్వాడ్ జీపు ఆగి ఉంది.

దవాఖానలో అంతమ్మ భుజం మెడ దాకా కమిలి నల్లబడింది. జబ్బ కీలు తప్పి మళ్లీ ఎక్కించారట. మూడు వారాలు చెయ్యి కదపకూడదు. ఆపిల్ పండ్లు బల్ల మీద పెట్టాను.

తిరుగు ప్రయాణంలో, ఆ రోజు డాబా మీద బదులుగా నేను ఊపిన తడి టవల్ గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

నవంబర్ 16, ఆదివారం

6.05. డాబా మీద బట్టలు ఆరేయలేదు. తలుపు గడియ వేసి ఉంచాను. కట్ట కింద మోటారు గది వెనుక నిలబడ్డాను.

6.34. ముందు బోటు 31.

6.35. వెనుక బోటు 33.

చెయ్యి ఊపలేదు. డాబా వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని తెలిసి, ఇంకా వేగంగా పోయాడు. ముప్పై ఒకటి అంటే గంటకు ఇరవై మూడు కిలోమీటర్లు. అలలు కట్ట రాళ్ల మీదికి ఎక్కి నా చెప్పులు తడిపాయి.

చర్చిలో ఏం చెప్పారో వినలేదు.

నవంబర్ 18, మంగళవారం

మూడు రోజులూ మోటారు గది వెనుకే. 31, 33, 29, 30, 34, 31.

చాయ్ ఇచ్చి అడిగాను. చెయ్యి ఊపింది నాకా?

ఆయన కప్పు కింద పెట్టాడు. "నువ్వు సూస్తున్నవని బాలమల్లుకు చెప్పిన."

తరువాత చాలా చెప్పాడు. గంటకు ఇన్ని ట్రిప్పులని జితేందర్ లెక్క పెడతాడట. చెకింగ్ ఉన్నచోట నెమ్మదిగా పోవడం ఏ డ్రైవరైనా చేసేదేనట. శుక్రవారం మంచు ఉంది, ఎవరి అలకు తెప్ప తిరగబడిందో ఎవరు చెప్పగలరట. మీటింగ్‌లో పాత పేజీలే చదవమన్నాడు. అవి కూడా నిజంగా తీసినవే కదా అన్నాడు.

నిజంగా తీసినవే. నన్ను అడ్డం పెట్టుకుని తీయించినవి.

నవంబర్ 19, బుధవారం

ఫ్యాన్ రెక్కలు తుడిచాను.

నవంబర్ 20, గురువారం

రెండు లెక్కలూ చదివాను. డాబా మీద నేను కనిపించినప్పటిది ఒకటి, కనిపించనప్పటిది ఒకటి. దొంగచాటుగా తీసిన లెక్క చెల్లదని జితేందర్ లేచాడు. ముందు బోటు ఎవరిదని అడిగాడు, నా నోటితో చెప్పించాలని. మా ఆయనదే అన్నాను.

తిరుపతి వెనక్కి తిరిగి, అన్నా, లెక్క సరైందేనా అని అడిగాడు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సరికాదంటాడనే అనుకున్నాను. అప్పటికీ నాకు ఈయన మీద అనుమానమే.

"సరైందే. అంతమ్మ పడ్డ పొద్దు ముంగట బోటు నాదే. తెప్పను సూసిన. తగ్గించలె."

ఎవరూ నవ్వలేదు.

తీర్మానం: ఎనిమిదే ఉంటుంది. పొద్దున ఎనిమిది దాకా వలల వైపు బోట్లు పోకూడదు. స్పీడ్ ఎక్కడి నుంచి చూస్తారో ముందుగా ఎవరికీ చెప్పరు.

సాయంత్రానికి ఈయనను బోటు దింపి రిసార్ట్ గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు.

నవంబర్ 21, శుక్రవారం

అంతమ్మ ఇంటికి వెళ్లాను. చెయ్యి మెడకు కట్టుకుని గడప మీద కూర్చుంది. తప్పయిందన్నాను.

నువ్వు నలుగురిలో అన్న మాటకు నాలుగు గోడల మధ్య తప్పయిందంటే ఎట్లా అంది. నిన్న అంకెలన్నీ చదివావు, నాది అబద్ధం కాదని ఒక్క ముక్క చదవలేదేం అంది. నిజమే. చదవలేదు.

"నోటితోని వల రాదు ప్రవీణక్కా. ఎల్లేశ్ గెడ ఏసి తెప్ప నడుపుతడు, వల తీసే చెయ్యే లేదు. ఏడు పొద్దులు తియ్యి, ఊరోళ్లు కట్ట మీదికెల్లి సూస్తరు. నీ బాకీ తీరుతది."

నాకు ఈత రాదన్నాను. తనకు వచ్చి ఏం లాభమైందని అడిగింది.

నవంబర్ 22, శనివారం

తెప్ప మీద మోకాళ్ల మీదే కూర్చున్నాను, లేవలేదు. చేపలు ఆరు. కట్ట మీద జనం పదిమంది పైనే.

నవంబర్ 24, సోమవారం

మూడో పొద్దు. వేళ్లు కోసుకుపోయాయి. దూరంగా బాలమల్లు బోటు. ఎంత నెమ్మదిగా పోయినా అల వస్తుంది. తెప్ప మీద కూర్చున్నాక తెలిసింది.

నవంబర్ 27, గురువారం

ఆరో పొద్దు. జనం రావడం మానేశారు. చేపలు పదకొండు.

నవంబర్ 28, శుక్రవారం

ఎల్లేశ్ రాలేదు. గెడ పట్టుకుని ఈయన నిలబడి ఉన్నాడు. నేను రమ్మనలేదు. తెప్ప రెండుసార్లు ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. వల తీశాను. చేపలు పద్నాలుగు.

అంతమ్మకు బాకీ, ఏడు పొద్దులు. తీరింది.