అవ్వకు నేర్పిన ముఖం

6 జూన్ 2023
డాక్టర్ గారు కంప్యూటర్‌లో నా కొత్త ముఖం చూపించారు. ఆపరేషన్ తర్వాత ఇలా ఉంటావమ్మా అన్నారు. కింది దవడ వెనక్కి వెళ్లింది, పెదవులు కలిశాయి. సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చాను. ఎముకను ఎంత జరుపుతామో కచ్చితంగా చెప్పగలను, పైన కండ ఎలా సర్దుకుంటుందో మాత్రం అంచనాయే అని కూడా అన్నారు. ఆ మాట నా చెవికెక్కలేదు.

9 జూన్
దిగులంతా అవ్వ గురించే. మతిమరుపు బాగా ముదిరింది. సొంత కొడుకు, మా నాయిననే ఏ ఊరు బిడ్డా మీది అని అడుగుతుంది. నన్ను తప్ప ఎవరినీ గుర్తుపట్టదు. నా చేతి ముద్ద తప్ప తినదు. అమ్మ పెడితే ఉమ్మేస్తుంది. మరి నా ముఖం మారితే?

ఆపరేషన్ మాత్రం మానుకోను. ఊహ తెలిసినప్పటి నుంచి చున్నీ అడ్డం పెట్టుకునే నవ్వాను. చాలు.

10 జూన్
కంప్యూటర్ ఫొటో ప్రింట్ తీయించాను. ముద్ద పెట్టే ముందు చూపించి, అవ్వా, ఇది నేనే, సుమనను అన్నాను. సక్కగున్నది, ఎవరి పిల్ల అని అడిగింది.

17 జూన్
రోజూ అదే పాఠం. బళ్లో మొద్దు పిల్లలకు కూడా ఇంత ఓపిగ్గా చెప్పను.

22 జూన్
ఫొటో చూసి సుమన అంది! అమ్మ స్తోత్రం అంటూ చేతులెత్తింది.

25 జూన్, హైదరాబాద్
రేపే. భయంగా ఉంది.

3 జూలై, కల్వకుర్తి
అద్దంలో ఉన్నది ఫొటోలో పిల్ల కాదు. పాత నేనూ కాదు. ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుందట. పళ్లను రబ్బర్లతో బిగించారు, మాట రాదు. ముఖం గురించి అన్నీ ఆలోచించాను, గొంతు సంగతే తోచలేదు.

నేను లేనన్నాళ్లూ అవ్వ చాయ్ తప్ప ఏమీ ముట్టలేదట. ముద్ద కలిపి తీసుకెళ్లాను. మూతి తిప్పుకుంది. ఫొటో చూపిస్తే దాన్ని చూసి సుమన అంది. నన్ను చూసి ఆసుపత్రి నర్సనుకుని నర్సమ్మా అంది.

4 జూలై
ఇవాళా తినలేదు. నాయిన వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. అంతా నా వల్లే అనిపించింది.

5 జూలై
అవ్వ పక్కన కూర్చుని సిరంజితో జావ తాగుతున్నాను. సగం గదుమ మీదే కారింది. అవ్వ కొంగుతో తుడిచింది. పాపం, నీకెవ్వలు లేరా బిడ్డా అని అడిగింది. నాకైతే మనవరాలున్నది, అదే తినిపిస్తది అంది. దాని గదుమ జర ముందుకుంటది, గట్ల నవ్విందంటే ఇల్లంత వెలుగే, గుర్తువట్టుడు అల్కనే, ఎవ్వలైనా పడ్తరు అంది.

నేను దాచుకుని తిరిగిన ముఖాన్ని అంత ముద్దుగా ఎవరూ చెప్పగా వినలేదు. ఆ ముఖం ఇక లేదు. ఏడుద్దామంటే దవడ లాగింది.

అవ్వ నా చేతిలో గిన్నె లాక్కుంది. నువ్వు తాగితేనే నేను తాగుత అంటూ అందులోని చెంచాతో నా పెదవుల మధ్య పోసింది. ఆ చెంచాతోనే నేను తనకు పోశాను. మింగింది.

6 జూలై
పొద్దున కూడా అవ్వ తాగింది. సుమన యాడ కనవడ్డా జల్ది రమ్మను బిడ్డా అంది.

తలూపాను.