చెరిపే ముందు ఒక్క ఫోన్

మంగళవారం, రాత్రి

స్టూడియోలో బ్యాకప్ సర్వర్ నిండిపోయింది. పాత పెళ్లిళ్ల వీడియోలన్నీ తీసేయమని ఓనరు సుబ్బారావు గారు పొద్దున్నే చెప్పారు. నేను మొదలుపెట్టబోతుంటే ఆయన భార్య విమల గారు ఆపారు. "ముందు వాళ్లకొక్క ఫోన్ చెయ్యమ్మా, తర్వాత తీసేద్దువుగాని," అన్నారు. నాకు విసుగొచ్చింది. సగం నంబర్లు పనిచేయడమే లేదు.

గుణదలలో ఉండే మేరీ గారు మాత్రం ఫోన్ ఎత్తారు. విషయం చెప్పగానే ఏడ్చేశారు. వరదనీళ్లు ఇంట్లోకొచ్చి పెళ్లి ఆల్బమూ సీడీలూ అన్నీ పాడైపోయాయట. భర్త పోయి చాలా ఏళ్లయింది. సాయంత్రం ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని ఆటోలో గవర్నర్‌పేటలోని మా స్టూడియోకి వచ్చేశారు.

ఆ పిల్లకి ఊహ తెలియకముందే నాన్న పోయాడు. వాళ్ల పెళ్లి వీడియో పెట్టాను. అందులో చర్చి ఫాదర్ అడగ్గానే పెళ్లికొడుకు "నాకు సమ్మతమే" అని చర్చి అంతా వినబడేలా అన్నాడు. వీడియోలో చర్చిలో ఉన్న వాళ్లందరూ నవ్వారు. ఈ పిల్ల నవ్వలేదు.

"నాన్న గొంతు ఇలా ఉండేదా?" అని వాళ్లమ్మనడిగింది. మేరీ గారు తలూపారు.

"ఇంకొక్కసారి పెట్టవా అక్కా?" అంది నాతో. అడిగినప్పుడల్లా పెట్టాను. తర్వాత పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిచ్చాను.

వాళ్లు వెళ్లాక విమల గారికి దండం పెట్టాలనిపించింది. టీ తెచ్చిచ్చాను. ఆవిడ ఆ మాట అనకపోతే మధ్యాహ్నానికల్లా ఆ గొంతు నా చేత్తోనే చెరిగిపోయేది.

ఫోన్ ఎత్తని వాళ్లవి ఇంకా చాలా ఉన్నాయి. కొన్నాళ్లు ఆగుదామని రేపు సుబ్బారావు గారిని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో...